గాలిలో మొలచిన స్పర్శ

*చెవికి వినబడని ధ్వనిని ఒక్క బిందువున కూర్చి, ఏ వస్తువును తాకని అరచేతికి తాకిడిని కలిగించు విద్య ప్రయోగశాల గడప దాటినది. అది ముందుగా ఎవరి చేతికి అందవలెను?*

2015 ఆగస్టు మాసమున లండన్ నగరమందు, థేమ్స్ నదీతీరముననున్న టేట్ బ్రిటన్ చిత్రశాలలో, దీపకాంతి తగ్గింపబడిన ఒక గదిలోనికి సందర్శకులు కొద్దిమంది చొప్పున ప్రవేశించుచుండిరి. ఎదుటి గోడపై ఒకే చిత్రము: జాన్ లేథమ్ 1961లో రచించిన 'ఫుల్ స్టాప్'. మనిషి నిలువెత్తును మించిన లేతవన్నె పటము, దాని నడుమ అంచులు తుంపురులుగా చెదరిన పెద్ద నల్లని వృత్తము. అంతకు మించి అందు కంటికి కనబడునది ఏదియు లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఎదుటనున్న యంత్రమునకు పైగా గాలిలో అరచేతిని బోర్లించి నిలిచిన సందర్శకునికి, ధ్వని మొదలైన క్షణమున చేతిక్రింద ఏదో మేలుకొన్నట్లయ్యెను. అరచేతి నడుమ ఒక వలయము తిరుగుచున్నది. అంతలో అది చెదరి, వానచినుకులవలె అక్కడక్కడ తట్టుచున్నది. చేతికిని యంత్రమునకును నడుమ గాలి తప్ప మరేమియు లేదు.

ఆ ప్రదర్శనమునకు టేట్ సెన్సోరియం అని పేరు. నాలుగు చిత్రములను ఎన్నుకొని, వాటికి వాసనను, ధ్వనిని, రుచిని, స్పర్శను జోడించి, చిత్రదర్శనము కన్నుల పని మాత్రమేనా యని ఫ్లయింగ్ ఆబ్జెక్ట్ అను బృందము అడిగిన ప్రశ్న అది. ఫ్రాన్సిస్ బేకన్ చిత్రము ఎదుట చాక్లెట్‌ను చప్పరించిరి; లేథమ్ నల్లని వృత్తమునకు మాత్రము గాలిలోని స్పర్శ తోడు వచ్చినది. దానిని సమకూర్చినవారిలో సస్సెక్స్ విశ్వవిద్యాలయమున మరియానా ఒబ్రిస్ట్ నడపిన పరిశోధక బృందము ముఖ్యమైనది.

నేడు మన నగరములలోని వ్యాపారసముదాయములందు సైతము వీఆర్ కళ్ళద్దములు పెట్టుకొని, లేని కత్తిని ఝళిపించుచు, లేని బంతిని పట్టబోవుచు చేతులాడించు పిల్లలు కనబడుచున్నారు. కన్నుల ఎదుట లోకమంతయు నిలిచినది, చెవులకు నలుదిక్కులనుండి ధ్వని వచ్చుచున్నది. చాచిన చేయి మాత్రము ఏమియు దొరకక వెనుకకు మరలుచున్నది. టెలిఫోను కంఠమును తెచ్చెను. టెలివిజను రూపమును తెచ్చెను. స్పర్శ ఒక్కటి దూరమును దాటలేక నిలిచిపోయెను. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బిడ్డలతో వీడియోకాలులో మాటలాడుచు, మనుమని బుగ్గ కనబడినచోట ఫోను అద్దమును వ్రేలితో నిమురు అమ్మమ్మలు నాయనమ్మలు లేని ఊరు తెలుగునాట అరుదు. ఆ వ్రేలికి తగులునది నునుపైన గాజు మాత్రమే. ఈ లోటు చిన్నదని ఎవ్వరును అనలేరు. దానిని కొంతయైనను తీర్పగల మార్గము ధ్వనిలో దొరకుట ఈ శతాబ్దపు ఆశ్చర్యములలో ఒకటి.

ధ్వనికిని త్రోపు కలదు

మన తార్కికులు వాయువునకు రూపము లేదనియు, స్పర్శ కలదనియు నిర్ణయించి, శబ్దమును ఆకాశమునకు గుణముగా వేరుపరచిరి. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించినదియు ఈ విభాగమే. ఆధునిక భౌతికశాస్త్రము ఆ రెంటికి నడిమి గోడను తొలగించి, మనము వినునది వాయువులోని ఒత్తిడి హెచ్చుతగ్గులేనని తెలిపినది. ఒత్తిడి యున్నచోట త్రోపు ఉండక తప్పదు. ధ్వనితరంగము ఒక తలమునకు తగిలి వెనుదిరుగునప్పుడు దానిని రవంత నెట్టును. 1902లో లార్డ్ రేలీ ఈ పీడనమును గణితముతో వివరించెను. మామూలు ధ్వనులలో అది అత్యల్పమగుటచే ఎదుటివాని మాట మన చేతిని నెట్టుచున్నదని మనకెన్నడును తోపదు.

తోపవలెనన్న మొదట ఆ బలమునంతటిని ఒక్కచోట చేర్పవలెను. మానవకర్ణము సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. ఈ యంత్రములు 40,000 కంపనముల ధ్వనిని, అనగా 40 కిలోహెర్ట్జుల అల్ట్రాసౌండును వాడును. గాలిలో దాని తరంగము నిడివి ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు మాత్రమే గనుక దానిని వ్రేలికొన యంత బిందువున కూర్చుట సాధ్యము. ఒక పలకపై వందలకొలది, ధ్వనిని పుట్టించు చిన్న ట్రాన్స్‌డ్యూసర్లను వరుసలుగా బిగింతురు. అన్నియు ఒక్కమారే పలికినచో ప్రయోజనము లేదు. దగ్గరిదాని ధ్వని ముందు, దూరపుదాని ధ్వని వెనుక చేరి, ఒకదానినొకటి చెరపుకొనును.

అరచేయి పలక నడుమకు సరిగా 20 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. నడిమి ట్రాన్స్‌డ్యూసర్‌కు దారి 20 సెంటీమీటర్లు. నడుమనుండి 8 సెంటీమీటర్లు ప్రక్కగా, అంచుననున్నదానికి 21.5 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ ఎక్కువ దారిని నడచుటకు ధ్వనికి పట్టు కాలము సెకనును పదిలక్షల భాగములు చేసిన సుమారు 45 భాగములు. కంప్యూటరు ఆ వ్యత్యాసమును లెక్కించి, అంచుననున్నదానిని ఆ మేరకు ముందుగా పలికించును. ఇట్లు ప్రతిదానికి దాని కాలమును కేటాయింపగా, అన్ని తరంగములును ఒకే క్షణమున ఒకే బిందువున శిఖరమునందుకొని చర్మమును నెట్టును. చేయి కదలినచో కెమెరా కనిపెట్టును, లెక్క మారును, బిందువు చేతివెంట నడచును.

అయినను నిలకడగా నెట్టు అంత స్వల్పబలమును చర్మము పట్టించుకొనదు. కావున ఆ త్రోపును సెకనుకు సుమారు రెండువందల మారులు తెరలుతెరలుగా హెచ్చించి తగ్గింతురు. లేదా బిందువునే చర్మముపై అతివేగముగా అటునిటు నడిపింతురు. చేతికి తెలియునది 40,000 కంపనముల ధ్వని కాదు, ఈ నెమ్మదియైన అలలు. 2010లో టోక్యో పరిశోధకులు ప్రకటించిన యంత్రమున 324 ట్రాన్స్‌డ్యూసర్లు కలసి పుట్టించిన బలము 16 మిల్లీన్యూటన్లు, అనగా సుమారు ఒకటిన్నర గ్రాముల బరువు. ఒకప్పుడు మన జేబులలో నుండిన అల్యూమినియపు అయిదుపైసల చతురస్ర నాణెమును అరచేత నుంచుకొన్నంత!

> శవహస్తమున దొరికిన కణికలు
>
> ఈ అలలను పసిగట్టునవి అరచేతి చర్మపు లోతులలో, ఒక మిల్లీమీటరు పరిమాణమున, పొరలు పొరలుగా నుండు పాచినీ కణికలు. 1831లో ఇటలీలోని పిస్టోయా నగరమున వైద్యవిద్యార్థియైన ఫిలిప్పో పాచినీ ఒక శవహస్తమును కోయుచు వాటిని గమనించెను. సెకనుకు సుమారు 250 కంపనములయొద్ద అవి మిక్కిలి చురుకుగా పనిచేయును. ఇరువదిమూడేండ్లకు పిమ్మట, 1854లో, ఫ్లారెన్సు నగరమును కలరా పీడించినప్పుడు ఆ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినిలో చూచినవాడును ఈ పాచినీయే; ఆనాటి వైద్యలోకము ఆయన మాటను చెవిని పెట్టలేదు.

టోక్యోలో చినుకులు, బ్రిస్టల్‌లో బిందువులు

కేంద్రీకృతమైన అల్ట్రాసౌండు నాడులను మేల్కొల్పునని 1970వ దశకముననే సోవియట్ శాస్త్రవేత్త లియొనీద్ గవ్రీలోవ్, ఆయన సహచరులు నీటిలో చేసిన ప్రయోగములవలన తెలిసినది. నీటిని విడిచి గాలిలోనికి వచ్చుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను. 2008లో టోక్యో విశ్వవిద్యాలయమున హిరొయుకి షినోడా పర్యవేక్షణమున తకయుకి ఇవమొతో, మారి తతెజొనో గాలిలోనే స్పర్శను పుట్టించు పద్ధతిని ప్రకటించిరి. మరుసటి యేడు ఆ ప్రయోగశాలవారు పుటాకార దర్పణమువలన గాలిలో తేలు చిత్రమును ఈ స్పర్శతో కలిపి, చూపరుల అరచేతులలో చినుకులు రాల్చిరి; ఒక చిన్న ప్రాణిని పరుగెత్తించిరి. చేయి యెక్కడ నున్నదో కనిపెట్టుటకు వారు వాడినవి వీడియోగేముల దుకాణములో నాడు అమ్ముచుండిన వీ (Wii) రిమోట్లు రెండు. గొప్ప పనులకు సామాన్యమైన పరికరములు చాలునని నాకు ఈ సంగతి చదివినప్పుడెల్ల ధైర్యము కలుగును.

ఒక బిందువుతో ఆకారము ఏర్పడదు. 2013లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున టామ్ కార్టర్ అను విద్యార్థియు, ఆచార్యుడు శ్రీరామ్ సుబ్రమణియన్, వారి సహచరులును 320 ట్రాన్స్‌డ్యూసర్లతో ఒకే కాలమున అనేక బిందువులను సృష్టించి, చేతికి అవి వేరువేరుగా తెలియునట్లు చేసిరి. మరుసటి సంవత్సరము బెంజమిన్ లాంగ్ మొదలైనవారు గోళమువంటి ఆకారములను గాలిలో నిలిపిరి. కంటికి కనబడని ఆకారమున్నదని చూపుట ఎట్లు? వారు పలుచని నూనెపొరపై ఆ ధ్వనిని ప్రసరింపజేసి దీపము వెలిగించిరి. నూనెపై ధ్వని నెట్టినచోటనెల్ల చిన్న గుంటలు పడి, వెలుగున చుక్కలుగా మెరసెను. నావరకు ఈ విద్యకు సంబంధించిన దృశ్యములన్నిటిలోను మనోహరమైనది ఇదియే. ఏలయన ఇక్కడ యంత్రపు మాటను కాక, నూనె సాక్ష్యమును మనము చూచుచున్నాము.

బ్రిస్టల్ బృందము స్థాపించిన అల్ట్రాహాప్టిక్స్ సంస్థ 2019లో చేతికదలికలను గుర్తించు లీప్ మోషన్ సంస్థను కొని, అల్ట్రాలీప్ అను పేరు ధరించెను. ఆ సంవత్సరమే సస్సెక్స్ విశ్వవిద్యాలయమున ర్యూజీ హిరయామా, సుబ్రమణియన్ ప్రభృతులు, ఎదురెదురుగా నిలిపిన రెండు పలకల నడుమ రెండు మిల్లీమీటర్ల పాలిస్టైరీను గుండును ధ్వనితోనే తేల్చి, అతివేగముగా త్రిప్పుచు రంగుదీపములు పడనిచ్చి, గాలిలో సీతాకోకచిలుకను చిత్రించిరి. ఆ ధ్వనియే చెవికి వినబడు శబ్దమును ఇచ్చెను. ఆ ధ్వనియే దగ్గరకు చాచిన వ్రేలికి స్పర్శను ఇచ్చెను.

కన్ను దారిమీద, చేయి గాలిలో

ఈ విద్యకు మొదట ఆసక్తి చూపినవారిలో కార్ల పరిశ్రమవారు ఉన్నారు. పూర్వపు కార్లలో పాటల శబ్దము తగ్గింపవలెనన్న, చల్లగాలి హెచ్చింపవలెనన్న తడిమి త్రిప్పుటకు మరలుండెను. వాటి స్థానమున వచ్చిన నున్నని తెరను తడుముట కుదరదు, చూచియే తీరవలెను, చూచునంతసేపు దారి కన్నులకు దూరమగును. 2017లో లాస్ వేగాస్ ప్రదర్శనమున బాష్ సంస్థ చూపిన నమూనా కారులో, గాలిలో చేయి కదల్చి ఆజ్ఞ ఇచ్చినవారికి ఆ ఆజ్ఞ అందినదని అరచేతికి తాకిడి తెలిపెను. తరువాత కోవిడ్ కాలము వచ్చి, పలువురు తాకిన తెరను తాకుట భయహేతువు కాగా, ఆసుపత్రులలోను విమానాశ్రయములలోను తాకకయే తాకవచ్చునను మాటకు విలువ పెరిగెను.

2022లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు వీఆర్ కళ్ళద్దముల క్రింద 64 ట్రాన్స్‌డ్యూసర్లను అమర్చి, ధ్వనిని పెదవులపైకి త్రిప్పిరి. సాలెపురుగు ప్రాకుట, పండ్లుతోము బ్రష్షు కదలుట, కుళాయినుండి ఎగసిన నీటిధార పెదవికి తగులుట అనుభవమునకు వచ్చెను. పెదవులను ఎన్నుకొనుట తెలివైన పని. చేతివ్రేళ్ళతో పోల్చదగిన సూక్ష్మస్పర్శ గల చోటు ముఖమున అదియే.

చేతితో చెప్పిన ఉల్లాసము

స్పర్శ వార్తను మాత్రమే కాక భావమును మోయగలదా? సస్సెక్స్‌లో ఒబ్రిస్ట్ బృందము 2015లో దీనిని పరీక్షించెను. కొందరికి భావములను రేపు చిత్రములను చూపి, ఆ భావమునకు తగిన స్పర్శను యంత్రముపై రచింపుడనిరి. వేరొక గుంపు ఆ రచనలలో ఉత్తమములను ఏరెను. మూడవ గుంపు చేతులతో వాటిని చదివెను. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, అరచేతి నడుమ భాగమున చురుకుగా, తటాలున పడు తాకిడులు ఉల్లాసమును సూచింపగా, చిటికెనవ్రేలి వైపున, అరచేతి వెలుపలి అంచున మెల్లగా సాగు తాకిడులు విషాదమును సూచించెను. ఒకరినొకరు చూడని అపరిచితుల నడుమ అరచేయి ఈ మాత్రము కబురును మోసినదన్న, దూరదేశముననున్న బిడ్డ చేయి అమ్మ చేతిని ఏమి చెప్పి తట్టగలదో ఊహింపవచ్చును.

ఊహ మాత్రమే కాదు. 2016లో షినోడా ప్రయోగశాలవారు ప్రక్కప్రక్కన రెండు పెట్టెలను అమర్చి, దర్పణముల ఏర్పాటుచే ఒక పెట్టెలోని వస్తువు రెండవదానిలో తేలునట్లు చేసి, నలువైపుల ట్రాన్స్‌డ్యూసర్లను నిలిపిరి. ఒకరు తమ పెట్టెలో చేయి చాచగా, రెండవవారి పెట్టెలో ఆ చేయి కనబడెను, తాకిన, తగిలెను. హాప్టోక్లోన్ అను ఆ యంత్రమున దూరము గజమైనను లేదు. సముద్రములు దాటుటకు ముందు ఆ గజమే దాటవలసి యున్నది.

ఎంతవరకు?

ఈ విద్యపై నాకు ప్రేమ యున్నది గనుకనే దాని హద్దులను దాచుట నాకు ఇష్టము లేదు. ఒకటిన్నర గ్రాముల త్రోపు చేతిని ఆపలేదు. గాలిలో గోడను చిత్రింపవచ్చును, కాని చేయి దానిగుండా సాగిపోవును. బంతి గుండ్రదనము తెలియును, బరువు తెలియదు. పలకనుండి దూరమైనకొలది బిందువు వెడల్పయి బలహీనమగును. దూరము పెంచవలెనన్న పలకను పెంచవలెను. అరచేయికిని వ్రేళ్ళకును తెలిసినంతగా రోమములున్న ముంజేతికి ఈ స్పర్శ తెలియదు. వినబడదని చెప్పు యంత్రమునుండి సన్నని రొద వినబడుచునే యుండును, ఏలయన చర్మము కొరకు కలిపిన రెండువందల కంపనములు చెవికి పరిచితములే.

భద్రత మాట కూడ అడుగవలసినదే. గాలికిని చర్మమునకును సాంద్రతలో ఉన్న మహాభేదముచే 99 శాతమును మించిన ధ్వని చర్మపు పైభాగమునుండియే వెనుదిరుగును; కావున గర్భిణులకు జెల్ పూసి లోనికి పంపు వైద్యుల అల్ట్రాసౌండుతో దీనిని పోల్చి భయపడుట తగదు. చింతింపవలసినది చెవుల విషయమున. బిందువునొద్ద ఒత్తిడి అత్యధికము. ముఖమునొద్ద, చిన్నపిల్లల నడుమ, దినమంతయు వాడు యంత్రములకు హద్దులు ముందే వ్రాసియుంచవలెను. కుక్కలకు 40 కిలోహెర్ట్జుల ధ్వని వినబడును, పిల్లులకు అంతకు మించియు వినబడును. ఇంటిలోనికి తెచ్చునప్పుడు వాటి శాంతియు లెక్కకు రావలెను.

ఆరు చుక్కల అక్షరము

వీఆర్ ఆటలు, కార్లు, సినిమాశాలల ముంగిట ప్రకటనల తెరలు: ధనమున్నచోటికి ఈ విద్య పోవుట సహజము. కాని గాజుతెర వచ్చి అత్యధికముగా నష్టపోయినవారు ఆ ప్రకటనలను చూచువారు కారు. పాత ఏటీఎంలో, పాత లిఫ్టులో ఉబ్బెత్తు బటనులుండెను. అంధుడు వాటిని తడిమి లెక్కించి నొక్కుకొనెడివాడు. ఇప్పుడు ఆసుపత్రి టోకెను యంత్రము మొదలు సెల్‌ఫోను వరకు అంతయు నునుపు. వ్రేలికి అంచు దొరకదు, గుర్తు దొరకదు. చూపున్నవారి సౌకర్యము కొరకు స్పర్శను తుడిచివేసి, స్పర్శయే అక్షరమైనవారిని వాకిట నిలిపితిమి. ఆ అంచును, ఆ గుర్తును తెరకు పైన గాలిలో తిరిగి నిలుపగల సాధనము చేత నుండగా దానిని ప్రకటనలకు వదలుట నాకు న్యాయముగా తోపదు.

దారి చూపినవారు కలరు. 2020లో జర్మనీలోని బైరాయిత్ విశ్వవిద్యాలయమున విక్టోరియా పనేవా, ఆమె సహచరులు హాప్టిరీడ్ అను పేర బ్రెయిలీ చుక్కలను గాలిలో చదివించిరి. చుక్కలన్నిటిని ఒక్కమారుగా నిలుపుట, ఒకదాని తరువాత ఒకటిగా అందించుట, వరుసవరుసగా అందించుట అను మూడు విధములను అంధులైన పాఠకులతోనే పరీక్షింపగా, వారు అధికభాగము సరిగా గుర్తించిరి. కాగితముపై బ్రెయిలీ చదువువారి వేగము దీనికి రాదు, గ్రంథములకు ఇది ప్రత్యామ్నాయము కాదు. టోకెను సంఖ్యకు, లిఫ్టు అంతస్తునకు, మందు పేరునకు చాలును. 1824 నాటికి బాలుడైన లూయీ బ్రెయిల్ కూర్చిన ఆరుచుక్కల గడియే భారతీయభాషల కొరకు 1951లో ఆమోదింపబడిన భారతి బ్రెయిలీకిని ఆధారము. కావున లాటిను అక్షరములకు నడచినది తెలుగు అక్షరములకు నడువకపోవుటకు కారణము లేదు.

> మన చేతిలోనే ఉన్న సాధనము
>
> ఇంజనీరింగు విద్యార్థులకు చిరపరిచితమైన హెచ్‌సీ-ఎస్ఆర్04 అను దూరము కొలుచు పరికరము పలుకునదియు 40 కిలోహెర్ట్జులలోనే. దాని రెండు లోహపు కన్నులు ఈ జాతి ట్రాన్స్‌డ్యూసర్లే. స్పెయిన్‌లోని నవార్రా ప్రభుత్వ విశ్వవిద్యాలయమున అసియెర్ మార్సో, ఆయన సహచరులు 256 ట్రాన్స్‌డ్యూసర్ల పలకను స్వయముగా కట్టుకొను విధమును అందరికి ఉచితముగా ప్రకటించిరి. దాని పేరు సోనిక్‌సర్ఫేస్.

మన కళాశాలలలో ఈ దూరము కొలుచు పరికరముతో ఏటేట తయారగు ప్రాజెక్టులలో తరచుగా కనబడునది అంధుల చేతికర్ర. అడ్డమున్నచో కూయు ఆ కర్రలలో అధికభాగము పరీక్ష ముగిసిన పిదప అలమారలకు చేరును. చేయు విద్యార్థులకు సదుద్దేశము లోపించి కాదు, దానిని వాడవలసినవారిని ముందుగా ఎవరును అడుగకపోవుటవలన. అదే పరికరమును, అదే విద్యార్థిని, అదే సదుద్దేశమును గాలిలో బ్రెయిలీ చుక్కలను నిలుపు మరియొక దారి పట్టింపవచ్చును. ఈ సంవత్సరము ప్రాజెక్టునకు విషయము వెదకుకొనుచున్న విద్యార్థినీ విద్యార్థులకు నా విన్నపము ఇది: మీ జిల్లాలోని అంధుల పాఠశాలకు పొండు, తెలుగు బ్రెయిలీ చదువగల ఇద్దరిని మొదటి దినముననే మీ బృందములో చేర్చుకొనుడు, వారి వ్రేళ్ళకు ఏ చుక్క తెలియుచున్నదో, ఏది తెలియుటలేదో వారు చెప్పగా వ్రాసికొని, 'అ' నుండి ప్రారంభింపుడు. అధ్యాపకులును యాజమాన్యములును ఆ ట్రాన్స్‌డ్యూసర్ల పలకకు కావలసిన ఖర్చు భరింతురుగాక.